కుబెర్నెటీస్ క్లస్టర్‌లో క్లౌడ్ డిస్క్‌లకు స్టోరేజ్ క్లాస్‌లు అమర్చడం: మొదటి ఫైల్ నుంచి రికవరీ పరీక్ష దాకా

కంటైనర్లను నడిపే కుబెర్నెటీస్‌లో, యాప్ అడిగిన డిస్క్‌ను ఎలా సృష్టించాలో చెప్పేదే స్టోరేజ్ క్లాస్. దాని ఫైల్ సాధారణంగా పదిహేను లైన్లు దాటదు. అందుకే చాలామంది క్లౌడ్ ఇచ్చిన డిఫాల్ట్‌ను అలాగే వదిలేసి ముందుకు వెళ్లిపోతారు. చిక్కు ఎక్కడుందంటే, ఆ ఫైల్‌లోని విలువలు డిస్క్ పుట్టిన క్షణంలోనే దానికి అంటుకుపోతాయి. డిస్క్ ఏ జోన్‌లో (క్లౌడ్ ప్రాంతంలోని విడి డేటాసెంటర్ భాగం) ఉంటుంది, ఎన్‌క్రిప్ట్ అయిందా లేదా, క్లెయిమ్ (డిస్క్ కావాలని యాప్ పెట్టే అర్జీ) తీసేస్తే డేటా మిగులుతుందా పోతుందా అనేవన్నీ అప్పుడే తేలిపోతాయి. ఆరు నెలల తర్వాత క్లాస్‌ను మార్చినా పాత డిస్క్‌లకు ఆ మార్పు తగలదు. కాబట్టి మొదటి డేటాబేస్ ఎక్కకముందే ఒక పూట దీనికి కేటాయించండి.

ఈ గైడ్‌లో నడుస్తున్న ఉదాహరణ ఒకటే: మూడు జోన్ల క్లస్టర్ (కలిసి పనిచేసే మెషీన్ల గుంపు), అందులో 100 జీఐబీ డిస్క్ కావాల్సిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. లైన్లను ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ఈబీఎస్ డిస్క్‌లకు రాశాం, గూగుల్ క్లౌడ్, అజూర్‌లలో తేడా వచ్చే చోట అక్కడే చెప్పాం. ఫీల్డ్ పేర్లు ఇక్కడ పలికినట్టు ఉన్నాయి. ఫైల్‌లో మాత్రం అధికారిక స్పెల్లింగ్‌తో, పెద్దక్షరం, చిన్నక్షరం కూడా అచ్చంగా అలాగే టైప్ చేయాలి.

1. ముందు క్లస్టర్‌లో ఏముందో చూడండి

క్యూబ్‌సీటీఎల్ గెట్ స్టోరేజ్‌క్లాస్ అని కొట్టండి. ప్రతి క్లాస్‌కూ ప్రొవిజనర్ (డిస్క్ సృష్టించే డ్రైవర్), రీక్లెయిమ్ పాలసీ, బైండింగ్ మోడ్, ఎక్స్‌పాన్షన్ కాలమ్‌లు కనిపిస్తాయి. పేరు పక్కన డిఫాల్ట్ అని ఉందేమో చూడండి. ఈకేఎస్‌లో (ఏడబ్ల్యూఎస్ నడిపే కుబెర్నెటీస్) 1.30 వెర్షన్ నుంచి కొత్తగా కట్టిన క్లస్టర్లలో జీపీ2 క్లాస్‌కు డిఫాల్ట్ గుర్తు ఉండదు. పాత క్లస్టర్‌లో నడిచిన హెల్మ్ చార్ట్ (యాప్ ఇన్‌స్టాల్ ప్యాకేజీ) కొత్త క్లస్టర్‌లో పెండింగ్‌లో ఆగిపోయిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

తర్వాత క్యూబ్‌సీటీఎల్ గెట్ సీఎస్‌ఐడ్రైవర్స్ కొట్టండి. సీఎస్‌ఐ అంటే కుబెర్నెటీస్‌కు, డిస్క్ డ్రైవర్లకు మధ్య ఉన్న ప్రామాణిక ఇంటర్‌ఫేస్. ఏడబ్ల్యూఎస్ అయితే ఈబీఎస్ డాట్ సీఎస్‌ఐ డాట్ ఏడబ్ల్యూఎస్ డాట్ కామ్, గూగుల్ అయితే పీడీ డాట్ సీఎస్‌ఐ డాట్ స్టోరేజ్ డాట్ జీకేఈ డాట్ ఐఓ, అజూర్ అయితే డిస్క్ డాట్ సీఎస్‌ఐ డాట్ అజూర్ డాట్ కామ్ కనిపించాలి. ప్రొవిజనర్ కాలమ్‌లో కుబెర్నెటీస్ డాట్ ఐఓ స్లాష్‌తో మొదలయ్యే పాత పేరు ఉంటే, అది కుబెర్నెటీస్ కోడ్‌లోనే ఉండే పాత ప్లగిన్ పేరు. ఈబీఎస్, అజూర్ డిస్క్‌ల పాత ప్లగిన్లను 1.27లో, గూగుల్ డిస్క్‌దాన్ని 1.28లో తీసేశారు. ఆ పేరుతో వచ్చిన కోరికలను ఇప్పుడు లోపల సీఎస్‌ఐ డ్రైవర్‌కే మళ్లిస్తారు. కొత్త క్లాస్‌లలో ఆ పేరు వాడకండి, కొత్త పారామీటర్లు అందులో దొరకవు.

2. డ్రైవర్‌కు అనుమతులు

గూగుల్, అజూర్‌ల మేనేజ్డ్ క్లస్టర్లలో డిస్క్ డ్రైవర్ సిద్ధంగానే ఉంటుంది. ఈకేఎస్ స్టాండర్డ్ క్లస్టర్‌లో ఈబీఎస్ సీఎస్‌ఐ యాడ్‌ఆన్‌ను మీరే వేసుకోవాలి. దాని కంట్రోలర్ సర్వీస్ అకౌంట్‌కు డిస్క్‌లు సృష్టించి, తగిలించి, తొలగించే హక్కులున్న ఐఏఎమ్ రోల్ (ఏడబ్ల్యూఎస్ అనుమతుల పాత్ర) ఇవ్వాలి. అమెజాన్ఈబీఎస్‌సీఎస్‌ఐడ్రైవర్‌పాలసీ అనే సిద్ధంగా ఉన్న పాలసీ చాలా సందర్భాలకు సరిపోతుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. రోల్‌ను సర్వీస్ అకౌంట్‌కు అనోటేషన్‌గా తగిలించి, కంట్రోలర్ పాడ్‌లను (కంటైనర్లు నడిచే యూనిట్లు) రీస్టార్ట్ చేయడం మర్చిపోతారు. ఆ రోల్ వివరాలు పాడ్ పుట్టేటప్పుడే అందులోకి వెళ్తాయి. పాత పాడ్‌లు పాత గుర్తింపుతోనే తిరుగుతూ అన్‌ఆథరైజ్డ్ ఆపరేషన్ అని ఈవెంట్లు రాస్తూనే ఉంటాయి. డిప్లాయ్‌మెంట్‌కు రోల్‌అవుట్ రీస్టార్ట్ ఇవ్వండి.

సొంత కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ కీ సర్వీస్) కీతో ఎన్‌క్రిప్షన్ పెడితే ఆ కీమీద కూడా ఇదే రోల్‌కు హక్కులుండాలి, ముఖ్యంగా క్రియేట్‌గ్రాంట్. ఇది లేనప్పుడు వచ్చే లక్షణం తికమక పెడుతుంది: డిస్క్ సృష్టికి మొదట సరే అంటుంది, కొద్దిసేపటికి డిస్క్ దానంతటదే మాయమవుతుంది, డ్రైవర్ మళ్లీ మొదలుపెడుతుంది. ఈ చక్రం కనిపిస్తే డ్రైవర్‌ను వదిలేసి కీ పాలసీ చూడండి.

3. డిస్క్ రకం: సైజు లెక్క వేరు, వేగం లెక్క వేరు

ఇక్కడ కాగితం మీద లెక్క కట్టాల్సిందే. మన 100 జీఐబీ డిస్క్‌ను జీపీ2 రకంలో తీసుకుంటే జీఐబీకి 3 చొప్పున 300 ఐఓపీఎస్ (సెకనుకు చదివే, రాసే పనుల సంఖ్య) నిలకడగా వస్తుంది. అది కాసేపు 3000 దాకా ఎగరగలదు, క్రెడిట్లు ఉన్నంతవరకే. పూర్తి ఖాతాలో 54 లక్షల క్రెడిట్లుంటాయి. పూర్తి వేగంతో నడిస్తే సెకనుకు 2700 తరుగుతాయి, అంటే 2000 సెకన్లు, దాదాపు 33 నిమిషాలు. పావుగంట లోడ్ టెస్ట్‌లో డేటాబేస్ పరుగులు తీస్తుంది, అసలు ట్రాఫిక్ వచ్చిన 34వ నిమిషంలో పదో వంతు వేగానికి పడిపోతుంది. గ్రాఫ్‌లో సీపీయూ ఖాళీగా, క్వెరీలు మాత్రం వరుసకట్టి కనిపిస్తాయి.

అదే 100 జీఐబీని జీపీ3లో తీసుకుంటే సైజుతో సంబంధం లేకుండా 3000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంఐబీ నిలకడగా వస్తాయి. అంతకు మించి కావాలంటే విడిగా అడిగి విడిగా డబ్బు కడతారు. ఈబీఎస్‌లో కొత్త క్లాస్‌కు జీపీ2 ఎంచుకోవడానికి మాకు కారణం కనిపించదు.

అజూర్ ప్రీమియం ఎస్‌ఎస్‌డీ మెట్లుగా ఉంటుంది. 128 జీఐబీ మెట్టుకు 500 ఐఓపీఎస్, 512కు 2300, 1024కు 5000. 100 జీఐబీ అడిగినా బిల్లు, వేగం రెండూ 128 మెట్టువే, అందుకే నేరుగా 128 అడగడం మేలు. గూగుల్‌లో పీడీ బ్యాలెన్స్‌డ్‌కు, పీడీ ఎస్‌ఎస్‌డీకి వేగం సైజుతోపాటు పెరుగుతుంది, జీఐబీకి వచ్చే ఐఓపీఎస్ రెండోదానిలో ఐదు రెట్లు ఎక్కువ. ఏ క్లౌడ్‌లోనైనా వర్చువల్ మెషీన్‌కు (కుబెర్నెటీస్‌లో దీన్నే నోడ్ అంటారు) తనదైన డిస్క్ పరిమితి విడిగా ఉంటుంది. చిన్న నోడ్‌కు 16000 ఐఓపీఎస్ డిస్క్ తగిలిస్తే నోడ్ పరిమితి దగ్గరే ఆగుతుంది, డబ్బు మాత్రం డిస్క్‌కు పూర్తిగా పోతుంది.

4. ఫైల్ రాయడం

ఏపీఐ వెర్షన్ స్టోరేజ్ డాట్ కే8ఎస్ డాట్ ఐఓ స్లాష్ వీ1, కైండ్ స్టోరేజ్‌క్లాస్. పేరులో డిస్క్ రకం పెట్టకండి. జీపీ3-ఫాస్ట్ అని పెడితే రేపు కొత్త తరం డిస్క్ వచ్చినప్పుడు పేరు అబద్ధమవుతుంది, వందల ఫైళ్లలో ఆ పేరు నాటుకుపోయి ఉంటుంది. డేటాబేస్, జనరల్, టెంపరరీ లాంటి పని పేర్లు పెట్టండి. మూడు నాలుగు క్లాస్‌లు చాలు. పది క్లాస్‌లిస్తే టీములు అర్థం కాక డిఫాల్ట్‌నే వాడతాయి.

*పారామీటర్లు.* మన డేటాబేస్ క్లాస్‌కు టైప్ జీపీ3, ఐఓపీఎస్ 3000, త్రూపుట్ 125, ఎన్‌క్రిప్టెడ్ ట్రూ, ఎఫ్ఎస్‌టైప్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ లేదా ఈఎక్స్‌టీ4. ఇక్కడ ప్రతి విలువకూ కోట్స్ తప్పనిసరి. పారామీటర్ల విలువలు స్ట్రింగ్‌లే (టెక్స్ట్) కావాలి, 3000 అని ఊరికే రాస్తే ఏపీఐ సర్వర్ అన్‌మార్షల్ ఎర్రర్ ఇచ్చి ఫైల్‌ను తిప్పికొడుతుంది. ట్రూకు కూడా కోట్స్ కావాలి. కిందనే ఉండే అలౌవాల్యూమ్‌ఎక్స్‌పాన్షన్‌కు మాత్రం కోట్స్ ఉండకూడదు, ఎందుకంటే అది బూలియన్ (అవును/కాదు విలువ). ఒకే ఫైల్‌లో రెండు పద్ధతులు కాబట్టే చాలామంది ఇక్కడ తడబడతారు. పారామీటర్ల పేర్లు డ్రైవర్ సొంతం, ఒక క్లౌడ్ ఫైల్‌ను ఇంకో క్లౌడ్‌కు కాపీ చేస్తే పనిచేయదు. అజూర్‌లో రకాన్ని ఎస్‌కేయూనేమ్ అంటారు.

*వాల్యూమ్‌బైండింగ్‌మోడ్.* రాయకుండా వదిలేస్తే ఇమ్మీడియట్ అవుతుంది. బహుళ జోన్ల క్లస్టర్‌లో అత్యంత ఎక్కువ తంటాలు తెచ్చే డిఫాల్ట్ ఇదే. ఇమ్మీడియట్‌లో క్లెయిమ్ వచ్చిన వెంటనే డ్రైవర్ ఏదో ఒక జోన్‌లో డిస్క్ సృష్టించేస్తుంది, పాడ్ గురించి దానికి ఏమీ తెలియదు. డిస్క్ ఎ జోన్‌లో పుట్టింది, పాడ్‌కు కావాల్సిన మెమరీ బి జోన్ నోడ్‌లో మాత్రమే ఖాళీగా ఉంది అనుకోండి. షెడ్యూలర్ పాడ్‌ను ఎక్కడా కూర్చోబెట్టలేదు, డిస్క్రైబ్‌లో వాల్యూమ్ నోడ్ అఫినిటీ కాన్‌ఫ్లిక్ట్ అని రాస్తుంది. మామూలు క్లౌడ్ డిస్క్ ఒక జోన్ దాటి కదలదు.

వెయిట్‌ఫర్‌ఫస్ట్‌కన్స్యూమర్ పెడితే వరుస తిరగబడుతుంది: షెడ్యూలర్ ముందు పాడ్‌కు నోడ్ ఎంచుతుంది, డిస్క్ ఆ నోడ్ జోన్‌లో పుడుతుంది. జోన్ డిస్క్‌లకు ఎప్పుడూ ఇదే పెట్టండి. దీనితో ఒక మెలిక: పాడ్ స్పెక్‌లో నోడ్‌నేమ్ నేరుగా రాస్తే షెడ్యూలర్ పక్కకు తప్పుకుంటుంది, ఎంపిక ఎవరూ చెప్పరు, క్లెయిమ్ పెండింగ్‌లోనే ఉండిపోతుంది. నోడ్ ఖాయం చేయాలంటే నోడ్‌సెలెక్టర్ వాడండి.

*రీక్లెయిమ్‌పాలసీ.* రాయకపోతే డిలీట్. క్లెయిమ్ పోతే క్లౌడ్‌లోని డిస్క్ కూడా పోతుంది. క్లెయిమ్‌ను నేరుగా ఎవరూ తొలగించరు కదా అనుకోవద్దు. నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లోని ఒక విభాగం) తీసేస్తే అందులోని క్లెయిములన్నీ పోతాయి, వాటితో డిస్క్‌లూ పోతాయి. గిట్‌లోని ఫైళ్ల ప్రకారం క్లస్టర్‌ను నడిపే గిట్ఆప్స్ టూల్‌లో ప్రూన్ (ఫైల్ లేనివాటిని తీసేయడం) ఆన్‌లో ఉండి ఒక ఫోల్డర్ పేరు మారినా అదే జరగొచ్చు. డేటాబేస్ క్లాస్‌కు రిటైన్ పెట్టండి. టెస్ట్, క్యాష్ లాంటి వాటికి డిలీట్ సరైనదే, లేకపోతే ఎవరికీ చెందని డిస్క్‌లు నెలల తరబడి బిల్లు మోస్తాయి.

*అలౌవాల్యూమ్‌ఎక్స్‌పాన్షన్.* ట్రూ పెట్టండి. రాయకపోతే పెంచడం కుదరదు. డిస్క్ పుట్టుకతో ఖాయం కాని ఒక్క ఫీల్డ్ ఇదే: సైజు పెంచమని అడిగిన క్షణంలో క్లాస్‌లో చూసి నిర్ణయిస్తారు. అందుకే పాత క్లాస్‌లో దీన్ని తర్వాత ఆన్ చేసినా పాత డిస్క్‌లకు పనిచేస్తుంది. దీనివల్లే, డిస్క్‌లు మిగిలుండగా క్లాస్‌ను తొలగిస్తే వాటి సైజు పెంచడం ఆగిపోతుంది.

మౌంట్‌ఆప్షన్స్‌ను అవసరమైతే తప్ప ముట్టుకోకండి. క్లాస్ సృష్టించేటప్పుడు వాటిని ఎవరూ సరిచూడరు, తప్పు ఉంటే పాడ్ మౌంట్ దగ్గర ఫెయిలవుతుంది.

క్యూబ్‌సీటీఎల్ అప్లై చేశాక పారామీటర్లు, ప్రొవిజనర్, రీక్లెయిమ్, బైండింగ్ మోడ్‌లను మార్చడానికి వీల్లేదు. తప్పు దొర్లితే క్లాస్ తొలగించి అదే పేరుతో మళ్లీ సృష్టించాలి. అలా చేసినా పాత డిస్క్‌లు, క్లెయిములు చెక్కుచెదరవు.

5. డిఫాల్ట్ ఒక్కటే

జనరల్ క్లాస్‌కు స్టోరేజ్‌క్లాస్ డాట్ కుబెర్నెటీస్ డాట్ ఐఓ స్లాష్ ఈజ్-డిఫాల్ట్-క్లాస్ అనే అనోటేషన్‌ను ట్రూ చేయండి, అంతకుముందు డిఫాల్ట్‌గా ఉన్నదాన్ని ఫాల్స్ చేయండి. రెండిటికీ ట్రూ ఉంటే 1.26 నుంచి చివరగా సృష్టించిన క్లాస్ గెలుస్తుంది. అంటే ఎవరో క్లాస్‌ను తొలగించి మళ్లీ పెడితే చడీచప్పుడు లేకుండా డిఫాల్ట్ మారిపోతుంది.

క్లెయిమ్‌లో స్టోరేజ్‌క్లాస్‌నేమ్ అసలు రాయకపోవడం, ఖాళీ కోట్స్ రాయడం ఒకటి కాదు. రాయకపోతే డిఫాల్ట్ వర్తిస్తుంది. ఖాళీ కోట్స్ రాస్తే క్లాస్ లేని పాత వాల్యూమ్ మాత్రమే కావాలి, కొత్తది సృష్టించవద్దని అర్థం.

6. అసలు డేటా ఎక్కకముందు పరీక్ష

ఈ వరుసలో చేయండి, అరగంట పడుతుంది.

డేటాబేస్ క్లాస్‌తో 10 జీఐ క్లెయిమ్ పెట్టండి. యూనిట్ దగ్గర జాగ్రత్త: జీఐ వేరు, జీ వేరు. 100జీ అంటే దశాంశ లెక్క, ఈబీఎస్‌లో 94 జీఐబీ డిస్క్ వస్తుంది. క్లెయిమ్ పెండింగ్‌లో ఉండి, ఈవెంట్‌లో వెయిటింగ్ ఫర్ ఫస్ట్ కన్స్యూమర్ అని కనిపించాలి. ఇది లోపం కాదు, పాడ్ కోసం ఎదురుచూపు. దీన్ని చూసి కంగారుపడి ఇమ్మీడియట్‌కు మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ క్లెయిమ్ వాడే పాడ్ పెట్టండి. క్లెయిమ్ బౌండ్ కావాలి. క్యూబ్‌సీటీఎల్ గెట్ పీవీ (క్లస్టర్‌లో ఆ డిస్క్ నమోదు), ఓ యామల్‌తో చూసి నోడ్‌అఫినిటీలోని జోన్ పాడ్ ఉన్న నోడ్ జోన్‌తో సరిపోయిందా, రీక్లెయిమ్ రిటైన్ అయిందా చూడండి. వాల్యూమ్‌హ్యాండిల్ విలువ రాసిపెట్టుకోండి, అది క్లౌడ్‌లోని డిస్క్ ఐడీ. క్లౌడ్ కన్సోల్‌లో ఆ ఐడీ తెరిచి రకం, ఐఓపీఎస్, ఎన్‌క్రిప్షన్ కళ్లతో చూడండి.

పాడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ రాయండి. నోడ్‌ను కార్డన్ చేసి (కొత్త పాడ్‌లు రాకుండా ఆపి) పాడ్ తొలగించి మళ్లీ పెట్టండి. అదే జోన్‌లోని వేరే నోడ్‌లో లేచి ఫైల్ కనిపించాలి. ఆ జోన్‌లో ఇంకో నోడ్ లేకపోతే పాడ్ లేవదు. అంటే జోన్‌కు ఒకే నోడ్ ఉన్న చోట నోడ్ పోతే డేటాబేస్ కూడా ఆగుతుందని మీకు ఇప్పుడే తెలిసిపోతుంది. ఆటోస్కేలింగ్ ఉంటే జోన్‌కొక నోడ్ గ్రూప్ విడిగా పెట్టడం మంచిది, అన్ని జోన్లకూ ఒకే గ్రూప్ ఉంటే కొత్త నోడ్ కావాల్సిన జోన్‌లో లేస్తుందన్న హామీ లేదు.

క్లెయిమ్ సైజును 20 జీఐకి మార్చండి. మొదట క్లౌడ్ డిస్క్ పెరుగుతుంది, తర్వాత ఫైల్‌సిస్టమ్ పెరుగుతుంది. పాడ్‌లో డీఎఫ్ కొట్టి చూస్తేనే పని పూర్తయినట్టు. తగ్గించడం కుదరదు. ఈబీఎస్‌లో తక్కువ వ్యవధిలో చేయగల మార్పులకు పరిమితి ఉంటుంది కాబట్టి ఐదేసి జీబీలు పెంచుకుంటూ పోకుండా ఒకేసారి తగినంత పెంచండి.

చివరిది, అందరూ దాటేసేది. పాడ్, క్లెయిమ్ తొలగించండి. పీవీ రిలీజ్డ్ స్థితికి వస్తుంది. అదే పేరుతో కొత్త క్లెయిమ్ పెట్టినా దానికదే అతుక్కోదు, కొత్త ఖాళీ డిస్క్ వస్తుంది. పాతది తిరిగి కావాలంటే పీవీలోని క్లెయిమ్‌రెఫ్ నుంచి యూఐడీ, రిసోర్స్‌వెర్షన్ లైన్లు తీసేయాలి. పీవీ అవైలబుల్ అవుతుంది. క్లెయిమ్‌రెఫ్‌లో మిగిలిన పేరు, నేమ్‌స్పేస్‌లతోనే కొత్త క్లెయిమ్ పెట్టి, వాల్యూమ్‌నేమ్‌లో ఆ పీవీ పేరు రాయాలి. పాడ్ పెట్టి ఫైల్ ఉందో లేదో చూడండి. రాత్రి రెండింటికి మొదటిసారి చేయాల్సిన పని కాదిది.

7. ఇప్పటికే డిలీట్ పాలసీతో డేటాబేస్‌లు నడుస్తుంటే

క్లాస్ మార్చలేకపోయినా పీవీని మార్చవచ్చు. క్యూబ్‌సీటీఎల్ ప్యాచ్‌తో పీవీలోని పర్సిస్టెంట్‌వాల్యూమ్‌రీక్లెయిమ్‌పాలసీని రిటైన్ చేయండి. పాడ్ రీస్టార్ట్ అక్కర్లేదు. ఇది చదువుతున్నప్పుడే చేయదగ్గ పని.

వేరే క్లాస్‌కు తరలించాలంటే స్నాప్‌షాట్ దారి ఉంది. స్నాప్‌షాట్ సీఆర్‌డీలు (కుబెర్నెటీస్‌కు అదనంగా చేర్చే ఆబ్జెక్ట్ నిర్వచనాలు), కంట్రోలర్ కొన్ని క్లస్టర్లలో విడిగా వేసుకోవాలి. డేటాబేస్‌ను ఆపి స్నాప్‌షాట్ తీసి, కొత్త క్లాస్‌తో ఉన్న క్లెయిమ్‌లో డేటాసోర్స్‌గా చూపండి. కొత్త సైజు పాతదానికి తక్కువ కాకూడదు. ఈబీఎస్‌లో స్నాప్‌షాట్ నుంచి వచ్చిన డిస్క్ మొదట్లో మందకొడిగా ఉంటుంది, బ్లాక్‌లు మొదటిసారి చదివినప్పుడే వెనకనుంచి వస్తాయి. ట్రాఫిక్ మళ్లించే ముందు ఒకసారి డిస్క్ మొత్తం చదివించండి. ఒక్కో పాడ్‌కు సొంత డిస్క్ ఇచ్చే స్టేట్‌ఫుల్‌సెట్‌లోని వాల్యూమ్‌క్లెయిమ్‌టెంప్లేట్స్‌ను ఎడిట్ చేయలేం. క్యాస్కేడ్ ఆర్ఫన్‌తో సెట్‌ను మాత్రం తొలగించి, పాడ్‌లు నడుస్తుండగానే కొత్త టెంప్లేట్‌తో మళ్లీ పెట్టాలి. ఐఓపీఎస్, త్రూపుట్ లాంటివి మాత్రమే మార్చాలంటే ఇంత అక్కర్లేదు, 1.34లో స్థిరపడిన వాల్యూమ్‌అట్రిబ్యూట్స్‌క్లాస్‌కు మీ డ్రైవర్ మద్దతు ఉంటే డిస్క్ కదపకుండానే అయిపోతుంది.

8. నడిచేటప్పుడు ఎదురయ్యేవి

*మల్టీ-అటాచ్ ఎర్రర్.* రీడ్‌రైట్‌వన్స్ డిస్క్ ఒక సమయంలో ఒక నోడ్‌కే తగులుతుంది. డిప్లాయ్‌మెంట్‌లో రోలింగ్ అప్‌డేట్ ఉంటే కొత్త పాడ్ వేరే నోడ్‌లో డిస్క్ కోసం, పాత పాడ్ కొత్తది రెడీ కావడం కోసం ఒకదానికొకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. స్ట్రాటజీని రీక్రియేట్ చేయండి లేదా స్టేట్‌ఫుల్‌సెట్ వాడండి. ఒకే నోడ్‌లో రెండు పాడ్‌లు ఒకే డిస్క్‌లో రాయకుండా ఉండాలంటే రీడ్‌రైట్‌వన్స్‌పాడ్ ఉంది, 1.29 నుంచి స్థిరం.

*నోడ్ చచ్చిపోయినా డిస్క్ వదలదు.* నోడ్ అందకుండా పోయాక పాడ్‌లను తరలించే నిర్ణయానికి 300 సెకన్లు, డిస్క్‌ను బలవంతంగా విడదీయడానికి ఇంకో 6 నిమిషాలు. స్టేట్‌ఫుల్‌సెట్ పాడ్ అయితే టెర్మినేటింగ్‌లోనే వేలాడుతుంది. మెషీన్ నిజంగా ఆగిపోయిందని క్లౌడ్ కన్సోల్‌లో నిర్ధారించుకున్న తర్వాతే ఆ నోడ్‌కు అవుట్-ఆఫ్-సర్వీస్ టెయింట్‌ను నోఎగ్జిక్యూట్‌తో పెట్టండి, డిస్క్ వెంటనే విడిపోతుంది. నెట్‌వర్క్ తెగి మెషీన్ ఇంకా బతికే ఉంటే ఈ పని చేయకూడదు, రెండు వైపులా రాతలు పడి డేటా పాడవుతుంది.

*నోడ్‌కు డిస్క్‌ల పరిమితి.* చాలా ఏడబ్ల్యూఎస్ నైట్రో మెషీన్లలో 28 అటాచ్‌మెంట్లు, వాటిలోనే నెట్‌వర్క్ కార్డులు కూడా లెక్క. సీఎస్‌ఐనోడ్ ఆబ్జెక్ట్‌లో అలొకేటబుల్ కౌంట్ చూస్తే మీ నోడ్‌కు ఎన్నో తెలుస్తుంది. చిన్న చిన్న డిస్క్‌లు చాలా ఉన్న క్లస్టర్‌లో మెమరీ కన్నా ముందు ఇదే నిండుతుంది.

*పాడ్ కంటైనర్‌క్రియేటింగ్‌లో చాలాసేపు.* లక్షల ఫైళ్లున్న డిస్క్‌కు ఎఫ్ఎస్‌గ్రూప్ పెడితే ప్రతి మౌంట్‌లో అన్ని ఫైళ్ల యాజమాన్యం మారుస్తూ కూర్చుంటుంది. ఎఫ్ఎస్‌గ్రూప్‌చేంజ్‌పాలసీని ఆన్‌రూట్‌మిస్‌మ్యాచ్ చేస్తే పై ఫోల్డర్ సరిగా ఉన్నప్పుడు ఈ పని మానేస్తుంది.

*డిస్క్ నిండిపోవడం.* క్యూబ్‌లెట్ (ప్రతి నోడ్‌లో నడిచే ఏజెంట్) ఇచ్చే వాల్యూమ్ స్టాట్స్‌లో వాడిన బైట్లతోపాటు ఐనోడ్‌ల (ఫైల్‌కొకటి చొప్పున వాడే నమోదులు) మీద కూడా అలర్ట్ పెట్టండి. ఈఎక్స్‌టీ4లో చిన్న ఫైళ్లు పోగుపడితే సగం జాగా ఖాళీగా ఉండగానే నో స్పేస్ లెఫ్ట్ అంటుంది, అక్కడ ఐనోడ్‌ల సంఖ్య ఫార్మాట్ నాటి నిష్పత్తి ప్రకారమే ఉంటుంది. అలర్ట్‌ను 80 శాతం దగ్గర పెట్టండి. వాల్ ఫైళ్లు (డేటాబేస్ మార్పుల లాగ్) పేరుకుని పోస్ట్‌గ్రెస్ డిస్క్ పూర్తిగా నిండితే సర్వర్ లేవడమే కష్టమవుతుంది, అప్పుడు పెంచడానికి చేతిలో మిగిలే సమయం చాలా తక్కువ.

*నేమ్‌స్పేస్ కోటా.* రిసోర్స్‌కోటాలో క్లాస్ పేరు చేర్చి ఒక్కో క్లాస్‌కు విడిగా పరిమితి పెట్టవచ్చు. ఖరీదైన డేటాబేస్ క్లాస్‌కు, అది అవసరం లేని నేమ్‌స్పేస్‌లలో సున్నా పెట్టండి.